అక్షరం పడాలంటే ప్యాకేజీ ఒక్కటే చాలదు: లినక్స్‌లో తెలుగు టైపింగు వెనకున్న డిపెండెన్సీలు

డెబియన్ గానీ ఉబుంటు గానీ (రెండూ లినక్స్ రకాలే) నడిచే కంప్యూటర్లో, తెలుగు వంటి భాషల టైపింగుకు వాడే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ ఎక్కించి, సెట్టింగుల్లో తెలుగు చేర్చాక కూడా కొన్నిసార్లు పని సగంలోనే ఆగుతుంది. టెక్స్ట్ ఎడిటర్లో తెలుగు చక్కగా పడుతుంది. అవే మీటలు ఇంకో ప్రోగ్రాంలో నొక్కితే ఇంగ్లీషు అక్షరాలే వస్తాయి. ప్రోగ్రాంలను ఎక్కించే ప్యాకేజీ మేనేజర్‌ని అడిగితే తీరని డిపెండెన్సీ (ఒక ప్యాకేజీకి తోడుగా కావాల్సిన ఇంకో ప్యాకేజీ) ఏదీ లేదంటుంది. దాని మాట నిజమే. ఒక ప్రోగ్రాం మొదలవడానికి కావాల్సిన లైబ్రరీలన్నీ డిస్కు మీద ఉన్నాయా లేదా అన్నంతవరకే దాని లెక్క. తెలుగు టైపింగు మాత్రం ఒక ప్రోగ్రాంతో అయ్యే పని కాదు. ఒకదానికొకటి సంబంధం లేకుండా తయారైన నాలుగైదు ప్రోగ్రాంలు నడుస్తూ నడుస్తూ ఒకదాన్నొకటి వెతుక్కుని మాట్లాడుకుంటేనే తెరమీద అక్షరం పడుతుంది. ఆ మాట కలవకపోవడం ప్యాకేజీ మేనేజర్ దృష్టిలో లోపమే కాదు. తెలుగు టైపింగు సమస్యల్లో చాలా భాగం పుట్టేది ఇక్కడే.

మీట నొక్కిన దగ్గర్నుంచి దారి చూద్దాం. లినక్స్ మూలభాగమైన కెర్నెల్ ఇచ్చిన మీట నంబరును ఎక్స్‌కేబీ అనే కీబోర్డు లేఅవుట్ పట్టిక ఒక గుర్తుగా మారుస్తుంది. అది అప్లికేషన్‌కు చేరుతుంది. అప్లికేషన్, కిటికీలు, బటన్లు గీసే టూల్‌కిట్లైన జీటీకేతోనో క్యూటీతోనో తయారై ఉంటుంది కాబట్టి, ఆ టూల్‌కిట్ తన లోపలికి ఒక చిన్న ఇన్‌పుట్ మాడ్యూల్‌ని లోడ్ చేసుకుంటుంది. మాడ్యూల్ ఆ మీటను, ప్రోగ్రాంలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ మీదుగా, తెర వెనక నడుస్తుండే ఐబస్ డీమన్‌కు పంపుతుంది. డీమన్ దాన్ని ఎం17ఎన్ ఇంజిన్‌కు అందిస్తుంది. ఇంజిన్ ఎం17ఎన్ లైబ్రరీని అడుగుతుంది. లైబ్రరీ ఎం17ఎన్-డీబీ అనే డేటా ప్యాకేజీలోని ఒక మామూలు టెక్స్ట్ ఫైలు చదివి, "ఈ వరుసలో ఈ మీటలు వస్తే ఈ అక్షరం" అన్న నియమం వెతుకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కు ఒక ఫైలు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతులైన ఐట్రాన్స్‌కు ఒకటి, ఆర్‌టీఎస్‌కు ఒకటి, యాపిల్, పోతన లేఅవుట్లకు వేరువేరుగా ఉంటాయి. దొరికిన అక్షరం మళ్ళీ అదే దారిన వెనక్కి వస్తుంది.

ఈ దారిలో ఒక్కో మజిలీ ఒక్కో ప్యాకేజీ. అందులో ఇంజిన్ నుంచి డేటా వరకు ఉన్న రెండో సగానికి ఢోకా లేదు. ఐబస్-ఎం17ఎన్ అడిగితే లైబ్రరీ, డేటా తప్పనిసరి డిపెండెన్సీలుగా వెంట వచ్చేస్తాయి. తంటా అంతా మొదటి సగంలో, అంటే అప్లికేషన్ లోపలికి వెళ్ళాల్సిన ఆ చిన్న మాడ్యూల్ దగ్గర. డెబియన్‌లో జీటీకే3 మాడ్యూల్‌కు ఐబస్-జీటీకే3 అని, జీటీకే4 మాడ్యూల్‌కు ఐబస్-జీటీకే4 అని వేరే ప్యాకేజీలు ఉన్నాయి. వాటిని తప్పనిసరిగా కోరేవాళ్ళు ఎవరూ లేరు. ఆఫీసు ప్రోగ్రాం ఐబస్ లేకపోయినా బతుకుతుంది, అందుకని అది అడగదు. ఐబస్‌కు ఫలానా టూల్‌కిట్ ఉండే తీరాలన్న నియమం లేదు, కాబట్టి అదీ గట్టిగా అడగదు, సిఫారసు చేసి ఊరుకుంటుంది. రెండు వైపులా న్యాయమే ఉంది. క్యూటీతో కట్టిన కేడీఈ డెస్క్‌టాప్ మాత్రమే వాడే మనిషి కంప్యూటర్లో జీటీకే అంతా దించడం ఎవరికీ మంచిది కాదు. కానీ ఆ న్యాయం ఫలితంగా, తెలుగు టైపింగుకు తప్పనిసరైన మెట్టు ప్యాకేజీల లెక్కలో ఐచ్ఛికంగా మిగిలిపోయింది.

డెబియన్‌లో డిపెండెన్సీలకు మూడు మెట్లున్నాయి: తప్పనిసరి, సిఫారసు, సూచన. 2009లో వచ్చిన లెన్నీ విడుదల నుంచి డెబియన్ ప్యాకేజీ మేనేజర్ ఆప్ట్ సిఫారసులను కూడా వాటంతటవే ఎక్కిస్తోంది. మామూలు వాడుకరికి అందువల్లే ఇబ్బంది ఎదురవదు. డిస్కు ఆదా కోసం సిఫారసులను ఆపేసే వాళ్ళకే దెబ్బ తగులుతుంది. పాత ల్యాప్‌టాప్‌ల మీద తేలికపాటి డెస్క్‌టాప్ కట్టుకునేవాళ్ళు, బడుల కోసం చిన్న ఇమేజీ తయారుచేసేవాళ్ళు ఆ సెట్టింగును ఇష్టంగా వాడతారు. వాళ్ళు ఆదా చేసే కొద్ది మెగాబైట్లలో ఇన్‌పుట్ మాడ్యూళ్ళూ కొట్టుకుపోతాయి. సిఫారసులు ఆపిన చోట ఆ మాడ్యూళ్ళను పేరుపెట్టి విడిగా అడగడం తప్ప వేరే దారి లేదు.

ఫెడోరా వంటివి వాడే ఆర్‌పీఎం ప్యాకేజీల లోకం ఈ చిక్కుకు ఇంకా చక్కని జవాబు కనిపెట్టింది. 2014లో వచ్చిన ఆర్‌పీఎం 4.12 నుంచి బలహీన డిపెండెన్సీలు ఉన్నాయి. వాటిలో ఒకటి తిరగేసిన సిఫారసు. మామూలు సిఫారసులో "నేను వస్తే దాన్నీ తెండి" అని ప్యాకేజీ చెబుతుంది. తిరగేసిన దాంట్లో "అది ఇప్పటికే ఉంటే నన్నూ తెండి" అంటుంది. తర్వాతి వెర్షన్‌లో షరతులు కలిపే వీలు కూడా వచ్చింది. ఫెడోరాలో తెలుగు స్పెల్‌చెక్ నిఘంటువు ప్యాకేజీ ఇలాగే రాసి ఉంటుంది: హన్‌స్పెల్ అనే స్పెల్‌చెకర్, తెలుగు లాంగ్‌ప్యాక్ రెండూ ఉన్న కంప్యూటర్లో నేనూ ఉండాలి. వాడుకరి నిఘంటువు పేరు తెలుసుకోనక్కర్లేదు. ఫెడోరా 24 నుంచి ఉన్న లాంగ్‌ప్యాక్స్-టీఈ అనే ప్యాకేజీ ఒకటి అడిగితే చాలు.

ఇన్‌పుట్ మాడ్యూల్ స్వభావానికి అచ్చంగా సరిపోయే సంబంధం ఇదే. ఐబస్ ఉండి జీటీకే4 కూడా ఉంటే ఆ రెంటినీ కలిపే మాడ్యూల్ ఉండాలి. రెంటిలో ఏది లేకపోయినా అక్కర్లేదు. డెబియన్ ప్యాకేజీ వ్యవస్థ డీపీకేజీలో ఈ మాట చెప్పడానికి భాషే లేదు. అందుకే డెబియన్ కుటుంబం ఆ పనిని ప్యాకేజీల బయట పెట్టింది. ఇన్‌స్టాలర్లో తెలుగు ఎంచుకుంటే వచ్చే టాస్క్ ప్యాకేజీలు, ఉబుంటులో భాష చేర్చినప్పుడు "ఈ భాషా, ఈ ప్యాకేజీ రెండూ ఉంటే ఆ ప్యాకేజీ కావాలి" అని చూసే పట్టిక, ఇవన్నీ ఆ లోటు పూడ్చే ప్రయత్నాలు. భాషను సెట్టింగుల తెర నుంచి చేర్చిన వాళ్ళకు ఆ పట్టిక మేలు చేస్తుంది. టెర్మినల్లో ఒక్క ప్యాకేజీ పేరు కొట్టి ఎక్కించుకున్న వాళ్ళకు అది అందదు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడటానికి కారణం ఇది.

మాడ్యూల్ ఎందుకింత చిన్నదిగా, పని అంతా వేరే ప్రాసెస్‌లో జరిగేలా కట్టారో అర్థం కావాలంటే ఐబస్‌కు ముందున్న స్కిమ్ కథ తెలియాలి. 2000ల నడిమి సంవత్సరాల్లో లినక్స్ డెస్క్‌టాప్‌ల మీద ఇన్‌పుట్ పద్ధతి అంటే ఎక్కువగా స్కిమ్. అది సీ++లో రాసినది. దాని జీటీకే మాడ్యూల్ ప్రతి అప్లికేషన్ లోపలికీ వెళ్ళేది, వెళ్తూ తనతోపాటు సీ++ ప్రామాణిక లైబ్రరీని తీసుకెళ్ళేది. అప్పటికే ఆ లైబ్రరీ అయిదో వెర్షన్ నుంచి ఆరుకు మారింది. రెండూ ఒకదానికొకటి పొసగవు. పాత వెర్షన్‌తో కట్టిన అప్లికేషన్‌లోకి కొత్త వెర్షన్‌తో కట్టిన స్కిమ్ మాడ్యూల్ వెళ్తే, ఒకే ప్రాసెస్‌లో రెండు లైబ్రరీలూ కలబడి అప్లికేషన్ కూలిపోయేది. టైపు చేయడానికి వచ్చిన సాధనమే ప్రోగ్రాంను చంపేదన్నమాట. రెండు లైబ్రరీలూ డిస్కు మీద పక్కపక్కన ఉండొచ్చు కాబట్టి డిపెండెన్సీ లెక్కలో తప్పేమీ కనిపించేది కాదు. దీనికి విరుగుడుగా సీలో రాసిన పలచని మాడ్యూల్‌తో స్కిమ్-బ్రిడ్జ్ వచ్చింది. ఐబస్ ఆ పాఠాన్ని పునాదిలోనే వేసుకుంది: అప్లికేషన్ లోపల సీ మాడ్యూల్, బయట డీమన్, మధ్యలో డీ-బస్. 2009లో ఫెడోరా 11 దాన్ని తన మొదటి ఎంపికగా తీసుకుంది. 2012లో గ్నోమ్ 3.6 ఐబస్‌ను డెస్క్‌టాప్‌లోనే కలిపేసింది.

ఆ కలపడం వల్ల ఇంకో చిక్కు వచ్చింది. తమకు ఐబస్ లాంటి ఇంకో ఇన్‌పుట్ చట్రం ఎఫ్‌సిటిక్స్5 నచ్చిందనో, ఒక్క ఇంగ్లీషే చాలనో కొందరు ఐబస్‌ను తీసేయబోతారు. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ప్యాకేజీ మేనేజర్ డెస్క్‌టాప్ ప్యాకేజీలను కూడా తీసేస్తానంటుంది. ఇక్కడ రెండు వేరు విషయాలను విడదీసి చూడాలి. గ్నోమ్ షెల్‌కు తప్పనిసరిగా కావాల్సింది ఐబస్ లైబ్రరీ, దాన్ని వేరే ప్రోగ్రామింగ్ భాషల నుంచి వాడనిచ్చే బైండింగులు. డీమన్ ఉన్న ఐబస్ ప్యాకేజీ సంగతి డిస్ట్రోను బట్టి మారుతుంది. లైబ్రరీ అలా ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. నడవకుండా చూసుకోవాల్సింది డీమన్‌ని. డెబియన్‌లో ఐఎం-కాన్ఫిగ్, ఫెడోరాలో ఐఎంసెట్టింగ్స్ అనే సాధనాలున్నది అందుకే. రెండు ఇన్‌పుట్ చట్రాలు ఒకే కంప్యూటర్లో ఉండొచ్చు. ఫైళ్ళు ఢీకొనవు. ఒక సెషన్లో ఏది నడవాలన్నదే ప్రశ్న. దానికి జవాబు ప్యాకేజీలను తీసేయడం కాదు.

క్యూటీ వైపు కథ వేరు. ఐబస్ ప్లగిన్‌ను క్యూటీ తనలోనే ఉంచుకుంది, కాబట్టి విడి ప్యాకేజీ అక్కర్లేదు. ఎఫ్‌సిటిక్స్5 ప్లగిన్ బయటి నుంచి రావాలి. ఈ ప్లగిన్లు క్యూటీలోని ప్రైవేటు ఇంటర్‌ఫేస్‌ను వాడతాయి. ఆ భాగం వెర్షన్ మారినా అలాగే ఉంటుందని క్యూటీ ఎన్నడూ మాటివ్వలేదు. అందుకని క్యూటీ కొత్త విడుదల వచ్చిన ప్రతిసారీ ప్లగిన్‌ను మళ్ళీ కంపైల్ చేయాల్సి వస్తుంది. డెబియన్ ఈ బంధాన్ని దాచకుండా, క్యూటీ ఏబీఐ (కంపైల్ అయిన ప్రోగ్రాంల మధ్య ఉండే ఇంటర్‌ఫేస్) వెర్షన్ పేరుతో ఒక ఊహా ప్యాకేజీని సృష్టించి, ప్రైవేటు భాగాలు వాడే ప్రతి ప్యాకేజీ దానిమీద ఆధారపడేలా చేసింది. నిజంగా మెచ్చుకోవాల్సిన పని ఇది. క్యూటీ ఒక్కటే ముందుకు పోయి ప్లగిన్ వెనకబడే ప్రమాదం అప్‌గ్రేడ్ సమయంలోనే బయటపడి, అప్‌గ్రేడ్ ఆగుతుంది. ఆగినందుకు విసుక్కుని బలవంతంగా ముందుకు తోసేవాళ్ళు టైపింగు పోగొట్టుకుంటారు.

ఇదే బంధం వల్ల, సొంత క్యూటీని వెంట తెచ్చుకునే అప్లికేషన్లలో చాలాసార్లు తెలుగు పడదు. అన్నీ ఒకే ఫైల్లో ఉండే యాప్‌ఇమేజ్ రూపంలో వచ్చేవి, తయారీదారుల సైటు నుంచి దించుకునేవి చాలావరకు ఇలాంటివే. అవి సిస్టమ్‌లోని ప్లగిన్ల వైపు చూడవు, తమ ఫోల్డర్లో ఉన్నవే వాడతాయి. కట్టినవాళ్ళు ఐబస్ ప్లగిన్ ఉంచితే ఐబస్‌తో పడుతుంది, ఉంచకపోతే సిస్టమ్‌లో ఎన్ని ప్యాకేజీలున్నా ఫలితం లేదు. అప్లికేషన్‌ను విడి పెట్టెలో నడిపే ఫ్లాట్‌ప్యాక్ ఈ విషయంలో ముందుంది. పెట్టెలో మూసిన అప్లికేషన్ తన రన్‌టైమ్‌లోని మాడ్యూల్‌తో, బయట నడిచే ఐబస్‌ను పోర్టల్ అనే అనుమతించిన దారి ద్వారా అడుగుతుంది. ఇంజిన్, తెలుగు నియమాల ఫైళ్ళు బయటే ఉంటాయి కనక ప్రతి పెట్టెలోనూ తెలుగు చేర్చాల్సిన పని లేదు.

ప్యాకేజీలన్నీ సరిగ్గా ఉన్నా, సరైన మాడ్యూల్‌ని ఎంచుకోవాలని టూల్‌కిట్‌కు ఎవరో చెప్పాలి. పాత తెర వ్యవస్థ ఎక్స్11 మీద ఆ పని పర్యావరణ చరరాశులది, అంటే ప్రోగ్రాంలు మొదలవుతూ చదివే సెట్టింగులది. జీటీకేకు ఒకటి, క్యూటీకి ఒకటి, ఏ మాడ్యూలూ లేని పాత ప్రోగ్రాంలకు ఎక్స్ఐఎం అనే పాత ఇన్‌పుట్ దారి చూపే ఎక్స్‌మాడిఫయర్స్ అనే మూడోది. వీటి విలువ ఒక మామూలు పేరు. "ఐబస్" అని రాసి ఉండి ఆ మాడ్యూల్ లేకపోతే టూల్‌కిట్ గొడవ చేయకుండా తన సాదా పద్ధతికి మారిపోతుంది. అందుకే చాలాసార్లు తప్పు సందేశం కూడా కనిపించదు. పాత సలహాలు చూసి ఈ చరరాశులను నాలుగైదు ఫైళ్ళలో రాసిపెట్టుకోవడం మనవాళ్ళలో బాగా అలవాటైంది. ఎక్స్11 కాలానికి అది సరిపోయింది.

ఎక్స్11 స్థానంలో వచ్చిన వేల్యాండ్‌లో ఆ అలవాటే అడ్డం తిరుగుతుంది. అక్కడ అప్లికేషన్ నేరుగా ఐబస్‌తో మాట్లాడనక్కర్లేదు. టెక్స్ట్-ఇన్‌పుట్ అనే ప్రోటోకాల్‌తో, తెరమీద కిటికీలను కూర్చే కంపోజిటర్‌కు చెబితే కంపోజిటర్ ఇన్‌పుట్ పద్ధతిని సంప్రదిస్తుంది. గ్నోమ్ షెల్ ఈ పాత్రను తానే పోషిస్తుంది. జీటీకే3, జీటీకే4 అప్లికేషన్లు ఏ మాడ్యూల్ ప్యాకేజీ లేకుండానే అక్కడ తెలుగు తీసుకోగలవు. జీటీకే చరరాశిని ఐబస్‌కు కట్టేస్తే మాత్రం ఈ కొత్త దారి మూసుకుపోయి పాత మాడ్యూల్ దారే మిగులుతుంది. కేడీఈలో ఇన్‌పుట్ పద్ధతిని కంపోజిటరే స్వయంగా మొదలుపెడుతుంది. సిస్టమ్ సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డ్ అన్న పేజీలో ఎఫ్‌సిటిక్స్5ను ఎంచుకోవాలి. భౌతిక కీబోర్డుతో తెలుగు కొట్టుకునేవారు ఆ పేరున్న పేజీని తెరవాలని ఎలా ఊహిస్తారు? ఆ ఎంపిక చేయకుండా లాగిన్‌తోపాటు డీమన్ నడిపితే కొన్ని అప్లికేషన్లలో పడి కొన్నింట్లో పడదు. అనవసరమైన చరరాశులు ఉంటే ఎఫ్‌సిటిక్స్5 హెచ్చరిస్తుంది, దాని డయాగ్నోజ్ సాధనం దారి మొత్తాన్నీ పరీక్షించి నివేదిక ఇస్తుంది. ఆ నివేదిక చదవడం పది వెబ్ పేజీల సలహాలకంటే మేలు. క్రోమియం మీద కట్టిన అప్లికేషన్లకు చాలాకాలం వేల్యాండ్ ఐఎంఈ (ఇన్‌పుట్ పద్ధతి) సదుపాయాన్ని విడిగా ఆన్ చేయాల్సివచ్చింది. డెస్క్‌టాప్ అంతా వేల్యాండ్‌లో ఉన్నా ఎక్స్11 ప్రోగ్రాంలను వేల్యాండ్‌లో నడిపే ఎక్స్‌వేల్యాండ్ కింద నడిచేవి పాత దారినే పోతాయి. కాబట్టి మాడ్యూల్ ప్యాకేజీలను అప్పుడే వదిలేయకూడదు.

కంటికి కనపడని డిపెండెన్సీ ఇంకొకటి ఉంది, పేరు రూపంలో. గ్నోమ్ సెట్టింగుల్లో తెలుగు ఐట్రాన్స్ ఎంచుకుంటే అది మీ ఖాతాలో "ఎం17ఎన్, టీఈ, ఐట్రాన్స్" అన్న మూడు ముక్కల ఇంజిన్ పేరుగా నిలుస్తుంది. ఆ పేరును తయారుచేసేది ఐబస్-ఎం17ఎన్. ఐబస్ ఒక చిన్న ఎక్స్ఎంఎల్ ఫైలు చదివి ఇంజిన్‌ను పిలిస్తే, ఇంజిన్ తన దగ్గరున్న నియమాల ఫైళ్ళను బట్టి జాబితా ఇస్తుంది. ప్యాకేజీ పోతే ఇంజిన్ పోతుంది, ఖాతాలోని పేరు మాత్రం అలాగే ఉంటుంది. మెనూలో తెలుగు కనిపిస్తుంటే ఇంజిన్ ఉన్నట్టేనని అనుకోవడం అందుకే పొరపాటు. కొత్తగా ఇంజిన్ ఎక్కించాక ఐబస్‌ను మళ్ళీ మొదలుపెట్టాల్సి రావడం కూడా ఇందువల్లే. అది జాబితాను క్యాష్‌లో దాచుకుంటుంది.

డెబియన్‌లో వాడుకరి అడిగి తెచ్చుకున్నవి, డిపెండెన్సీగా వచ్చినవి అన్న తేడాను ఆప్ట్ గుర్తుపెట్టుకుంటుంది. టాస్క్ ప్యాకేజీ వెంట వచ్చిన ఇంజిన్, ఆ టాస్క్ పోయిన రోజున అనాథ అవుతుంది. ఆప్ట్‌లోని ఆటోరిమూవ్ ఆదేశం దాన్ని ఊడ్చేస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఎవరూ తాకని తెలుగు మాయమవడానికి ఇదొక కారణం. ఐబస్-ఎం17ఎన్‌ను, వాడే మాడ్యూళ్ళను ఆప్ట్-మార్క్‌తో మాన్యువల్ అని గుర్తుపెడితే ఆ ప్రమాదం ఉండదు.

ఇంత దారి అందరికీ అవసరమా అంటే, కాదు. అది కొట్టే పద్ధతిని బట్టి ఉంటుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 13194:1991లో ఉన్న ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ తెలుగుకు ఎక్స్‌కేబీలోనే ఉంది. సరళ, కగప అనే లేఅవుట్లు కూడా ఉన్నాయి. ఎక్స్‌కేబీ డేటా లేకుండా ఏ డెస్క్‌టాపూ నడవదు కాబట్టి ఇవి ఒక్క ప్యాకేజీ కూడా ఎక్కించకుండా ప్రతి లినక్స్ డెస్క్‌టాప్‌లోనూ సిద్ధంగా ఉంటాయి. డీమన్ లేదు, మాడ్యూల్ లేదు, చరరాశి లేదు. సొంత క్యూటీ తెచ్చుకున్న ప్రోగ్రాంలోనూ పడతాయి. ఒక మీటకు ఒక కోడ్‌పాయింటే ఇవ్వగలగడం ఎక్స్‌కేబీ పరిమితి. "క్ష" రాయాలంటే క, పొల్లు, ష మూడూ కొట్టాలి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన చేతికి అది భారం కాదు. రోజంతా తెలుగు కొట్టేవాళ్ళకు ఇంతకంటే నమ్మకమైన ఏర్పాటు లినక్స్‌లో లేదు.

అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వచ్చిన ఆర్‌టీఎస్‌కు గానీ ఐట్రాన్స్‌కు గానీ అలవాటు పడ్డవారికి ఈ దారి కుదరదు. "కె" (k) మీట నొక్కగానే క్ అని, వెంటనే "ఎ" (a) నొక్కితే దాన్ని చెరిపి క అని మార్చాలంటే ముందేం కొట్టారో గుర్తుపెట్టుకునే ఇంజిన్ ఉండాలి. ఎక్స్‌కేబీకి ఆ జ్ఞాపకం లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాళ్ళే మనలో ఎక్కువ కాబట్టే పైన చెప్పిన పొడుగు దారి మనకింత ముఖ్యమైంది. ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడేవారికి మూడో దారి ఉంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ రెండూ అందులోనే పొందుపరచి ఉన్నాయి, బయటి ఇన్‌పుట్ చట్రంతో పనే లేదు. ఈమాక్స్ బహుభాషా సదుపాయాన్నీ ఎం17ఎన్ లైబ్రరీనీ కట్టినవాళ్ళలో జపాన్‌కు చెందిన కెనిచి హండా ఒకరు. మన అక్షరాలు మన చేతికందడంలో ఆయన శ్రమ ఎంతో ఉంది.

నియమాలను తమ వాడుకకు తగ్గట్టు మార్చుకునేవారు సిస్టమ్ ఫోల్డర్లోని ఫైలును తాకకపోవడం మంచిది. ఎం17ఎన్-డీబీ కొత్త వెర్షన్ రాగానే ఆ మార్పు పోతుంది. హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఎం17ఎన్.డీ అన్న ఫోల్డర్ అందుకోసమే ఉంది. అక్కడ వేరే పేరుతో పెట్టిన ఫైలు జాబితాలో విడిగా కనిపిస్తుంది, అప్‌గ్రేడ్‌కు అందదు. ప్యాకేజీ భాండారంలో దొరకని ఇంజిన్లను సోర్సు నుంచి కట్టుకుంటే వాటి డిపెండెన్సీల లెక్క పూర్తిగా వాడుకరిదే. లైబ్రరీ వెర్షన్ మారినప్పుడు మళ్ళీ కట్టాలని గుర్తుచేసేవారు ఉండరు.

కార్యాలయాల్లో, బడుల్లో పది కంప్యూటర్లు చూసుకునేవారు అప్‌గ్రేడ్ తర్వాత ప్యాకేజీ జాబితా సరిచూసి ఊరుకోకూడదు. ఒక జీటీకే3 ప్రోగ్రాం, ఒక జీటీకే4 ప్రోగ్రాం, ఒక క్యూటీ ప్రోగ్రాం, బ్రౌజరు, ఒక ఫ్లాట్‌ప్యాక్ యాప్, ఈ అయిదింటిలో తలా ఒక తెలుగు మాట కొట్టి చూడాలి. పడని చోటును బట్టి తెగిన మజిలీ తెలుస్తుంది. అన్నింటిలోనూ పడకపోతే డీమన్‌లోనో ఇంజిన్‌లోనో లోపం. ఒక టూల్‌కిట్‌లోనే పడకపోతే దాని మాడ్యూలో చరరాశో చూడాలి. ఒక్క అప్లికేషన్‌లోనే అయితే అది వెంట తెచ్చుకున్న లైబ్రరీలను అనుమానించాలి. పరీక్షకు ఎంచుకునే మాటలో ఒక ఒత్తు, ఒక గుణింతం ఉండాలి. ఆ వరుసను గుర్తుంచుకుని కలపగలిగితేనే ఇంజిన్ నడుస్తున్నట్టు. బాగుచేసేదాకా పని ఆగకుండా ప్రతి ఖాతాలోనూ ఎక్స్‌కేబీ తెలుగు లేఅవుట్ ఒకటి రెండో ఎంపికగా ఉంచితే, ఐబస్ మొత్తం పడిపోయిన రోజున కూడా రాయడానికి వీలుంటుంది.